మూల పట్టేది ఒకటి, బిగించేది ఒకటి

(పాలకొల్లులో వడ్రంగి మేస్త్రీలు, ఇంటి దగ్గర చెక్కపని నేర్చుకుంటున్నవాళ్ళు కలిసిన చోట చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర అడిగిన ప్రశ్నలు కొన్ని కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను ఒకటి ఆపేద్దురూ, దాని చప్పుడికి నా గొంతు నాకే వినపడట్లేదు.

నన్ను కార్నర్ క్లాంపుల గురించి మాట్లాడమన్నారు. మూల క్లాంపులు. రెండు చెక్కల్ని మూల దగ్గర 90 డిగ్రీలకి పట్టి ఉంచే సామాను. ఒకప్పుడు మన వైపు పటాలు కట్టే షాపుల్లో తప్ప ఇవి కనపడేవి కావు. ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే నాలుగు కలిపి ఒక సెట్టుగా ఇంటికొచ్చేస్తున్నాయి. రావడం వరకూ బాగానే ఉంది. వచ్చాక వాటితో చాలామంది చేయించే పని మాత్రం వాటి పని కాదు. నేనివాళ చెప్పదల్చుకున్నది ఆ ఒక్క సంగతే. మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

ఇదిగో, ఇది చూడండి. అల్యూమినియం పోత. బయటివైపు రెండు గోడలున్నాయి, ఎల్ ఆకారంలో. లోపల ఒక దవడ ఉంది, ముక్కు కోసుగా. ఈ స్క్రూ తిప్పితే ఆ ముక్కు మూలకేసి వెళ్ళి, రెండు చెక్కల్నీ చెరో గోడకీ అదుముతుంది. దవడ కొంచెం అటూ ఇటూ ఊగుతోంది చూశారా? అది లోపం కాదు. ఒక చెక్క 18 మిల్లీమీటర్లు, రెండోది 12 మిల్లీమీటర్లు ఉన్నా రెండిటినీ పట్టడానికే ఆ ఊగు పెట్టారు.

ఇప్పుడు నేనడిగేది ఇదీ. ఈ స్క్రూ బలం ఎటు పోతోంది? గోడకేసి పోతోంది. రెండు చెక్కలూ కలిసే చోటుకి, జిగురు రాసిన ఆ రెండు ముఖాల మధ్యకి పోతోందా? పోవట్లేదు. ఇలా వచ్చి చెయ్యి పెట్టి చూడండి బాబాయ్. రెండు ముక్కల మధ్య మిల్లీమీటరు సందు వదిలి బిగిస్తున్నాను. బిగిసింది. ఇంకా తిప్పుతున్నాను. చెక్క కదలట్లేదు, సందు అలాగే ఉంది. పిడి విరిగేదాకా తిప్పినా ఆ సందు మూసుకోదు. ఇప్పుడు చేత్తో తోసినా మూసుకోదు, ఎందుకంటే రెండిటినీ కదలకుండా పట్టేసింది మనమే.

ధవళేశ్వరం దగ్గరో, విజ్జేశ్వరం దగ్గరో కాలవ లాకులు చూసే ఉంటారు. గోదారి మీద ఆ ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల మీద పడవలు నడవాలి కాబట్టి లాకులు కట్టారు. పాత రకం లాకు తలుపులు ఎలా ఉంటాయి? రెండు రెక్కలూ మన ఇంటి తలుపుల్లాగ ఒకే వరసలో కలవవు. ఎగువకి కొంచెం పొడుచుకొచ్చి కోణంలో కలుస్తాయి. ఎగువ నీళ్ళు ఎంత నెడితే ఆ అంచులు రెండూ ఒకదాన్నొకటి అంత గట్టిగా ఒత్తుకుంటాయి. నెట్టే బలం అతుకు మీదకి వస్తోందన్నమాట. మన మూల క్లాంపులో అలా రావట్లేదు. అది కోణాన్ని కాపాడుతుంది. అతుకుని ఒత్తే పని ఇంకెవరో చెయ్యాలి.

ఎంత ఒత్తాలో కూడా చెప్తాను, లెక్క వింటే మీకే తెలుస్తుంది. తెల్ల జిగురు, మనం ఏ కంపెనీదైనా ఫెవికాల్ అనేస్తాం, అది గట్టిగా పట్టాలంటే మెత్తని చెక్కకి చదరపు సెంటీమీటరుకి 7 నుంచి 10 కిలోల ఒత్తిడి కావాలి. టేకు, మద్ది లాంటి గట్టి చెక్కలకి ఇంకాస్త ఎక్కువ. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పటం చట్రం తీసుకోండి. మూలలో కలిసే కొసని 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే, అదే మనం 45 కటింగ్ అంటాం, ఆ ముఖం పొడవు 56 మిల్లీమీటర్ల పైన వస్తుంది. అంటే 11 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. ఒక్క మూలకి 80 నుంచి 110 కిలోల బలం. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. ఈ బుల్లి క్లాంపు పక్కకి నొక్కుతూ ఆ బలం ఇవ్వమంటే ఎక్కణ్ణించి ఇస్తుంది?

అయితే ఇది పనికిరాదా అంటారు. ఎందుకు పనికిరాదండీ, ఒంటరిగా పని చేసుకునేవాడికి ఇది మూడో చెయ్యి. దాని పని దానితో చేయించుకుంటే బంగారంలాంటి సామాను. ప్లైవుడ్ పెట్టె కడుతున్నారనుకోండి. ఒక పలక నిలబెట్టాలి, రెండోది దానికి ఆనించాలి, మూల 90 ఉందో లేదో చూసే మూలమట్టం పెట్టాలి, బర్మా పట్టుకోవాలి, స్క్రూ అందుకోవాలి. కుర్రాడు రాని రోజున ఇదంతా ఎవరు చేస్తారు? రెండు మూల క్లాంపులు, పైన ఒకటి కింద ఒకటి వేస్తే ఆ పలకలు అలా నిలబడి ఉంటాయి. మీరు తీరిగ్గా రంధ్రం వేసుకుని స్క్రూ ఎక్కించుకోవచ్చు. అక్కడ అతుకుని దగ్గరికి లాగేది స్క్రూ. మూల చూసుకునేది క్లాంపు. ఎవరి పని వాళ్ళది.

ఒక్క జాగ్రత్త ఉంది. స్క్రూ పలకని దగ్గరికి లాగాలంటే పై పలకలో రంధ్రం స్క్రూ ఒంటి మందం ఉండాలి, స్క్రూ అందులో వదులుగా దిగాలి. కింద పలక అంచులో మాత్రం సన్నది, 4 మిల్లీమీటర్ల స్క్రూకి రెండున్నర నుంచి 3 మిల్లీమీటర్లు. రెండిట్లోనూ సన్న రంధ్రమే వేస్తే మరలు రెండు పలకల్నీ పట్టుకుంటాయి, మధ్య సందు అలాగే ఉండిపోతుంది. క్లాంపు వదులైందని దాన్ని తిడతాం. ప్లైవుడ్ అంచులో అసలు రంధ్రమే వెయ్యకుండా స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటాయి, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక కొనడం సంగతి. షాపులో దీన్ని చేతిలోకి తీసుకోగానే అందరూ బరువు చూస్తారు. బరువు తర్వాత చూడండి, ముందు మూల చూడండి. జేబులో చిన్న మూలమట్టం వేసుకెళ్ళి ఈ రెండు గోడల మధ్య పెట్టండి, వెలుతురుకేసి ఎత్తండి. ఎక్కడైనా గీతలాగ వెలుగు వస్తే దాన్ని అక్కడే పెట్టేసి ఇంకోటి తియ్యండి. ఒక సెట్టులో నాలుగుంటే నాలుగూ చూడండి. పోతలో వచ్చిన సామాను కదా, ఒకటి సరిగ్గా ఉండి పక్కది తేడా ఉండొచ్చు. అర డిగ్రీ తేడా ఎంత లెండి అనుకోకండి. 600 మిల్లీమీటర్ల లోతు అలమరలో అర డిగ్రీ తేడా అంటే చివరికెళ్ళేసరికి 5 మిల్లీమీటర్లు. తలుపు రెక్క ఒక పక్క రాసుకుంటుంది, ఇంకో పక్క బల్లి దూరేంత సందు.

మరి మీ మూలమట్టం సరిగ్గా ఉందని ఎలా తెలుసు? కింద పడని మూలమట్టం ఏ మేస్త్రి దగ్గరా ఉండదు. (నవ్వులు.) దాన్ని చూసుకోవడం తేలిక. అంచు తిన్నగా ఉన్న ప్లైవుడ్ ముక్క తీసుకోండి. మూలమట్టం అంచుకి ఆనించి, సన్నటి పెన్సిలుతో ఒక గీత గియ్యండి. ఇప్పుడు దాన్ని బోర్లా తిప్పి, అటువైపు నుంచి అదే చోట ఇంకో గీత గియ్యండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టం మంచిది. పైకెళ్ళేకొద్దీ విడిపోతుంటే, ఆ విడిపోయిన దాంట్లో సగం మట్టం తప్పు. పెన్సిలు కంటే కత్తి మొనతో గీస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

రెండోది, ఈ లోపలి మూల చూడండి. రెండు గోడలూ కలిసే చోట ఖాళీ వదిలారా లేదా? ఇందులో వదిలారు, వేలు దూరేంత ఉంది. ఇంకో దాంట్లో గోడలు పూర్తిగా కలిసిపోయాయి. ఖాళీ ఉన్నదే తీసుకోండి. బిగించాక పిండుకొచ్చిన జిగురు పోవడానికి చోటు కావాలి, లేకపోతే క్లాంపుకే చెక్క అతుక్కుంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఖాళీలోంచి అతుకు కంటికి కనపడాలి. మూల కొస కలిసిందో లేదో చూడ్డానికి వీల్లేని క్లాంపుతో గుడ్డిగా బిగించడం తప్ప చేసేదేమీ లేదు.

మూడోది ఈ క్లాంపు స్క్రూ. ఆ మర ఎక్కడ తిరుగుతోందో చూడండి. అల్యూమినియంలోనే మర కోసేస్తే కొన్నాళ్ళకి అరిగి జారిపోతుంది. లోపల ఇనుపదో ఇత్తడిదో నట్టు వేసి ఉంటే అది నిలుస్తుంది. ఇంకా గోడల ఎత్తు చూడండి. పటానికైతే ఎత్తు తక్కువున్నా ఫరవాలేదు. అలమర పలక నిలబెట్టాలంటే పొట్టి గోడ చాలదు, బిగించగానే పలక వెనక్కి వాలుతుంది. పిడి తిప్పేటప్పుడు వేళ్ళు బల్లకి కొట్టుకోకుండా ఉందో లేదో కూడా షాపులోనే చూసుకోండి, ఇంటికొచ్చాక చర్మం లేచిపోయాక కాదు.

ఇది రెండో రకం. ఇనుము పోత, రెండు స్క్రూలు. పటాలు కట్టేవాళ్ళ దగ్గర ఉండే వైసు ఇదే. చెరో చెక్కకీ చెరో స్క్రూ కాబట్టి ఒక చెక్కని బిగించి ఉంచి, రెండోదాన్ని తోసి, చూసి, అప్పుడు బిగించుకోవచ్చు. నా మటుకు నాకు 45 కటింగ్ పనికి ఇదే నచ్చుతుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, అదే దాని సుగుణం.

మూడో రకం స్ప్రింగు క్లిప్పులు, మొనలు తేలి ఉంటాయి. అవి చెక్కలో దిగబడి అతుకుని నిజంగానే దగ్గరికి నొక్కుతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బయట గాట్లు పెడతాయి. రంగు వేసే చెక్కకైతే లప్పం పెట్టి కప్పేయొచ్చు, పాలిష్ పెట్టే టేకు మీద వాడకండి.

అన్నట్టు, షాపులో ఇంకోటి చూపిస్తారు. ఎర్రగా, బాణం ఆకారంలో ఉంటుంది, 45, 90, 135 అని అంకెలుంటాయి, ధర కూడా తక్కువ. అది అయస్కాంతం. వెల్డింగు వాళ్ళది. మీ చెక్క ఇనుముతో చేసిందైతే కొనుక్కోండి. (నవ్వులు.)

ఇప్పుడు పటం చట్రం దగ్గరికొద్దాం, మూల క్లాంపుల మీద ఎక్కువ ఆశ పెట్టుకునేది అక్కడే. నాలుగు మూలలకి నాలుగు క్లాంపులు కొని, జిగురు రాసి, నాలుగూ ఒకేసారి బిగిస్తారు. మూడు బ్రహ్మాండంగా కలుస్తాయి, నాలుగోది నోరు తెరుస్తుంది. క్లాంపు మంచిది కాదంటారు. ఎనిమిది కటింగులున్నాయి కదండీ ఆ చట్రంలో. రంపం అర డిగ్రీ తప్పితే ఎనిమిది సార్లు తప్పింది. మొత్తం 4 డిగ్రీలు. మూడు మూలల్ని క్లాంపులు బలవంతంగా 90కి లాగితే ఆ 4 డిగ్రీలూ ఎక్కడికి పోతాయి? అందుకని జిగురు డబ్బా మూత తీసేముందు నాలుగు ముక్కల్నీ ఉత్తినే బల్ల మీద పేర్చి చూడండి. చేత్తో కలిపి పట్టుకుంటేనే కలవని అతుకు క్లాంపుతో కలవదు. కలిసినట్టు కనపడినా, క్లాంపు తీశాక కొన్నాళ్ళకి విడిపోతుంది. ఎదురెదురు ముక్కల పొడవు కూడా సమానం ఉండాలి. రెండిటినీ వీపులు కలిపి పట్టుకుని వేలితో కొస తడిమితే వెంట్రుక మందం తేడా కూడా తెలుస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. రెండేసి ముక్కలు కలిపి ముందు రెండు ఎల్‌లు చేసుకుంటాను, రెండు స్క్రూల వైసులో. చెక్క వైసులో పెట్టి, ఒకదాన్ని బిగించి, రెండోదాన్ని బొటనవేలితో మూలకేసి గట్టిగా తోసి పట్టుకుని అప్పుడు దాన్ని బిగిస్తాను. ఆ తోపే అసలు ఒత్తిడి. ఎల్‌లు ఆరాక ఒకదానికొకటి ఆనించి చూస్తాను. తేడా ఏదన్నా ఉంటే మిగిలిన రెండు మూలల్లోకే వచ్చి చేరుతుంది, చిత్రికతో ఒక్క సన్నటి పొర లేపితే సరిపోతుంది. అప్పుడు ఆ రెండిటినీ కలిపి చుట్టూ పట్టా వేస్తాను.

పట్టా క్లాంపు అంటే ఇదిగో. నైలాన్ పట్టా, దాన్ని వెనక్కి జారకుండా బిగించే రాచెట్టు ఒకటి, నాలుగు మూలలకి నాలుగు ముక్కలు. పట్టా బిగిస్తే నాలుగు మూలలూ ఒకేసారి లోపలికి ఒత్తుకుంటాయి. బలం నాలుగింటికీ సమానంగా పంచుకుపోతుంది. ఇది లేకపోతే మన నైలాన్ తాడుంది. చుట్టూ రెండు వరసలు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలి తిప్పండి, అదే పని చేస్తుంది. కొబ్బరి పీచు తాడు కోనసీమలో ఊరికే దొరుకుతుంది గానీ అది సాగుతుంది, ఈ పనికి వద్దు. పాత సైకిలు ట్యూబు పొడుగ్గా కోసి లాగి చుట్టినా బాగుంటుంది, సన్నటి చట్రాలకి అయితే నేను దాన్నే వాడతాను. మూలల్లో మాత్రం గాడి కోసిన చెక్కముక్కలు పెట్టుకోండి, ఆ ముక్కల లోపలి మూలలో ఒక రంధ్రం వేసేయండి. జిగురు అందులోకి పోతుంది, ముక్క చట్రానికి అతుక్కోదు.

బిగించాక మట్టం పెట్టి ఊరుకోకండి, మూల నుంచి మూలకి టేపు వెయ్యండి. 600కి 450 చట్రమైతే రెండు వైపులా సరిగ్గా 750 రావాలి. ఒకవైపు 752, ఇంకోవైపు 748 వస్తే చట్రం వాలింది. ఎక్కువున్న వైపు రెండు మూలల్నీ చేతుల్తో పట్టి కొంచెం దగ్గరికి నొక్కితే సర్దుకుంటుంది. జిగురు పచ్చిగా ఉన్నప్పుడే చేసుకోవాలి ఇది. అలమర పెట్టెలకీ ఇదే లెక్క. పెద్ద పెట్టెకి మూలలో పెట్టిన మట్టం కంటే టేపు మాటే నమ్ముతాను.

కొబ్బరి చిప్ప ఖర్చు కూడా లేని సామాను ఒకటి చెప్తాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తుక్కు మీ అందరి దగ్గరా ఉంటుంది. ఆరంగుళాల చేతులతో ఎల్ ఆకారం ముక్కలు నాలుగు కోసుకోండి. బయటి అంచులు రెండూ కచ్చితంగా 90 ఉండాలి, మట్టంతో ఒకటికి నాలుగుసార్లు చూసుకోండి. బయటి మూల కొస కోసెయ్యండి, జిగురు కోసం. చేతుల్లో ఒక్కో పెద్ద రంధ్రం వెయ్యండి, సి క్లాంపు నోరు దూరేలాగ. చుట్టూ ప్యాకింగ్ టేపు అంటించండి, జిగురు పట్టదు. పెట్టె లోపలి మూలలో ఈ ముక్క పెట్టి రెండు పలకల్నీ దానికి సి క్లాంపులతో పట్టించేస్తే, ఏ కంపెనీ మూల క్లాంపూ ఇంత పొడవునా మూలని పట్టి ఉంచదు. ప్లైవుడ్ పనికి నేను కొన్న క్లాంపుల కంటే వీటినే ఎక్కువ వాడతాను. అతుకుని ఒత్తడానికి పైనుంచి పొడుగు బార్ క్లాంపు ఒకటి, అంటే పొడుగు కడ్డీ మీద దవడ జరిగే క్లాంపు.

ఇప్పుడు ఆ ఫ్యాను సంగతి. మేలో మన దగ్గర వడగాడ్పు కొడుతున్నప్పుడు ఫ్యాను కింద జిగురు రాస్తే ఏమవుతుంది? మామూలుగా రాసిన తర్వాత పది నిమిషాల దాకా టైముండే జిగురు, ఆ గాలికి తొందరగా మీగడ కట్టేస్తుంది. మీగడ కట్టిన జిగురుని ఎంత బిగించినా పట్టదు. క్లాంపులు ముందే నోరు తెరిచి, కొలతకి సర్దిపెట్టుకుని, అప్పుడు జిగురు ముట్టుకోండి. ఫ్యాను ఆపండి. 45 కటింగ్‌లో చెక్క పేగులు తెరుచుకుని ఉంటాయి కాబట్టి జిగురుని పీల్చేస్తుంది. ముందు కొంచెం నీళ్ళు కలిపిన జిగురు పలచగా పూసి, ఐదు నిమిషాలాగి, అప్పుడు అసలు జిగురు రాయండి. బిగించాక ఎంతసేపు ఉంచాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అది చదవండి. పూర్తి బలం రావడానికి మాత్రం ఒక రోజు వదిలెయ్యాలి. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువే.

వానాకాలం అంటే గుర్తొచ్చింది, ఇది క్లాంపు సంగతి కాదు గానీ క్లాంపుని తిట్టిస్తుంది. శ్రావణంలో గోదారి నిండుగా పారుతూ, గాలి ముద్దగా ఉన్నప్పుడు చెక్క నీళ్ళు తాగి ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న చోట చాలా రోజులు పడుంటే చెక్కలో తేమ 16 శాతం దగ్గర నిలుస్తుంది. ఆ చెక్కతో పటం కట్టి ఏసీ గదిలో తగిలించారు. అక్కడ తేమ 50 శాతమైతే చెక్క 9 శాతానికి దిగుతుంది. చెక్క పొడవులో తగ్గదు, వెడల్పులో తగ్గుతుంది. అప్పుడు 45 అనేది 45 కాకుండా పోయి, అతుకు లోపలివైపు విడుస్తుంది. అదే బాగా ఎండిన చెక్కతో కట్టి తడి గాలిలో పెడితే ఉబ్బి, బయటి కొస దగ్గర విడుస్తుంది. కాబట్టి ఎవరైనా పటం పట్టుకొచ్చి మూల విడిచిందని చూపిస్తే ముందు ఎటు విడిచిందో చూడండి. వెడల్పు ఎక్కువున్న చట్రంలో ఇది ఎక్కువ కనపడుతుంది. వెడల్పు పట్టీలతో చేసేదైతే మూలకి అడ్డంగా గాటు పెట్టి పలచటి చెక్క రెక్క దించండి, లేదా 45 మానేసి కుసి వేసుకోండి, అంటే ఒక చెక్క కొసని నాలుకలాగ చేసి రెండోదాని తొలిలో దించండి. మన పాత మండువా లోగిళ్ళలో ద్వారబంధాల మూలలు చూడండి, జిగురు మీద నమ్మకం పెట్టుకుని కట్టినవాడెవడూ లేడు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి రూ.15,000 దాకా ఇస్తున్నారు, మీలో కొందరికి వచ్చే ఉంటుంది. ఆ డబ్బులో క్లాంపులకి ఎంత పెట్టాలని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మూల క్లాంపులు రెండు చాలు నాయనా, మంచివి. నాలుగు నాసివి వద్దు. మిగిలినదాంతో బార్ క్లాంపులు పొడుగువి నాలుగు తీసుకో. క్లాంపులు ఎక్కువయ్యాయని బాధపడ్డ వడ్రంగి నాకింతవరకు తగల్లేదు, అన్నీ మూల క్లాంపులే ఉన్నాయని బాధపడ్డవాళ్ళు ఉన్నారు.

ఇక మీరు అడగండి.

(నరసాపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి: అన్నయ్యగారూ, మా దగ్గర లేసు అల్లికల్ని అద్దాల పటాల్లో పెట్టి అమ్ముతాం. చట్రం బాగా సన్నం, అర అంగుళం కూడా ఉండదు. క్లాంపు బిగిస్తే పట్టీ మెలి తిరిగిపోతోంది.)

తిరుగుతుందమ్మా. సన్న పట్టీకి వెనకాల అద్దం కూర్చునే గాడి ఉంటుంది కదా, దవడ సరిగ్గా ఆ గాడి అంచు మీద నొక్కుతోంది. అక్కడ కింద ఆధారం లేదు, అందుకని మెలి పడుతోంది. ఆ గాడిలో సరిపడే చెక్కముక్క ఒకటి కోసి ఇరికించు, దానికి టేపు అంటించు, అప్పుడు బిగించు. స్క్రూ రెండు వేళ్ళతో తిప్పినంతే చాలు. నీ చట్రాలకి అసలు క్లాంపు కంటే సైకిలు ట్యూబే మేలు. ఆరాక వెనకనుంచి వి-మేకు, అంటే వి ఆకారంలో ఉండే మేకు, ఒకటి కొట్టుకో. లేసు తెల్లగా ఉంటుంది కాబట్టి జిగురు పూర్తిగా ఆరకుండా లోపల పెట్టకు.

(ఒక మేస్త్రి: నల్లమద్ది చెక్క మీద క్లాంపు పెట్టిన చోటల్లా నల్ల మచ్చ పడుతోందండీ. తుడిస్తే పోవట్లేదు.)

అది మురికి కాదు మేస్త్రి గారూ, అందుకే తుడిస్తే పోదు. మద్దిలోనూ తుమ్మలోనూ వగరు పదార్థం ఎక్కువ, తోళ్ళు పదును చెయ్యడానికి వాడేది అదే. తడి జిగురు, ఇనుము, ఆ వగరు మూడూ కలిస్తే సిరాలాగ నల్లబడుతుంది. ఇనుము చెక్కకి తగలకుండా మధ్యలో సన్‌మైకా ముక్కో, బటర్ పేపరో వెయ్యండి. పడ్డ మచ్చకి ఆక్సాలిక్ యాసిడ్ పలచగా నీళ్ళలో కలిపి రాస్తే పోతుంది, ఆ తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఆరనివ్వాలి. చేతులకి తొడుగులు వేసుకోండి, అది విషం. పిల్లలు తిరిగే చోట పెట్టకండి.

(ఇంకొకరు: పిండుకొచ్చిన జిగురు తడిగుడ్డతో వెంటనే తుడవాలా, ఆరాక తియ్యాలా?)

ఆ రెండిటికీ మధ్యలో. తడిగుడ్డతో తుడిస్తే పలచబడి చెక్క కణాల్లోకి దిగుతుంది, పాలిష్ పెట్టినప్పుడు అక్కడ తెల్లగా మచ్చలు తేలతాయి. పూర్తిగా ఆరాక ఉలితో గీకితే చెక్క పేళ్ళు లేస్తాయి. అరగంటో ముప్పావుగంటో అయ్యాక రబ్బరులాగ అవుతుంది చూశారా, అప్పుడు ఉలి బోర్లా పెట్టి తోస్తే తోలులాగ ఒకే ముక్కగా ఊడొస్తుంది. లోపలి మూలల్లో ఉలి ఆడకపోతే, జిగురు రాసే ముందే అంచుకి టేపు వేసేసుకోండి.

(ఒక పెద్దాయన: అంతర్వేది దగ్గర మా ఊరు. ఉప్పు గాలికి క్లాంపు స్క్రూలన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోతున్నాయి బాబూ.)

మీ దగ్గర తప్పదు తాతగారూ. మరకి గ్రీజు మాత్రం రాయకండి, రంపప్పొట్టు అంటుకుని ముద్దవుతుంది, చెక్కకి అంటితే అక్కడ పాలిష్ పట్టదు. కొవ్వొత్తి మైనం రుద్ది స్క్రూని రెండుసార్లు పూర్తిగా బయటికీ లోపలికీ తిప్పండి. పని అయ్యాక దవడ మీద జిగురు గీకేసి, స్క్రూ వదులుచేసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, గోడకి తగిలించకండి. ఇప్పటికే బిగుసుకుపోయినవి ఉంటే కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి తెల్లారి వైరు బ్రష్ వెయ్యండి, చాలావరకు వదులుతాయి.

సరే, ముక్కలు కోసి అక్కడ బల్ల మీద పెట్టాం. కావాలనే రెండు చట్రాలకి కటింగు అర డిగ్రీ తేడా పెట్టాను, అవేవో కనిపెట్టండి. ఇద్దరేసి రండి, జిగురు డబ్బాలు మాత్రం ఇప్పుడే తెరవకండి.